రాయితీ కాగితంల మగ్గానికి చోటు

 

మన తాతలు తెలంగాణ నుంచి షోలాపూర్‌కు పొట్ట చేతబట్టుకొని వచ్చిండ్రు. 1877లో మొదలైన జూని మిల్లు, తరువాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ-విష్ణు మిల్లులు. భోంగా మోగితే ఊరంతా లేచేది. ఇవాళ ఆ మిల్లులు లేవు. మిల్లు పోయినా ఇంట్ల మగ్గం ఉన్నోళ్లు ఆ మగ్గం మీదనే బతికిండ్రు.

ఇప్పుడు ఏ పట్నంల చూసినా కొత్త పరిశ్రమలకు, బిల్డర్లకు రాయితీ ఇయ్యాలె అంటున్నరు. ఇయ్యనీయండి, మేము అడ్డం చెప్పం. పిల్లలు పని కోసం పుణె బస్సు ఎక్కకుండా ఉంటే మనకే మంచిది. అయితే పన్ను మాఫీ అంటే ఆకాశం నుంచి పడ్డ పైసలు కావు. ఒకరికి మాఫీ చేసింది మిగిలినోళ్ల ఘర్‌పట్టి నుంచే పూడ్చాలె. కాబట్టి అడిగే హక్కు మనకున్నది.

మహారాష్ట్ర 2023-28 వస్త్ర విధానం చూడండి. 25,000 కోట్ల పెట్టుబడి, 5 లక్షల కొలువులు లక్ష్యమని రాసిండ్రు. పెద్ద రాయితీ పెట్టుబడిని చూసి ఇస్తరు. మిషన్‌కు ఇంత బిల్లు అయితే అందుల ఇంత శాతం. మరి మన గుంట మగ్గం? తాత కట్టెలు కోయించి చేయించింది. దానికి బిల్లు ఎక్కడిది? బిల్లు లేనిదానికి శాతం ఎట్ల కడతరు? వాల్ హ్యాంగింగ్ నేసే చేతుల పనితనం ఏ పట్టికలనూ ఎక్కదు.

అదే విధానంల మనకు పనికొచ్చేది కూడా ఉన్నది. నమోదైన చేనేత ఆడవాళ్లకు ఏడాదికి 15,000, మగవాళ్లకు 10,000 ఉత్సవ భత్తా. మన ఇండ్లల్ల కార్డు ఎవరి పేరు మీద ఉంటది? ఇంటి పెద్దాయన పేరు. కండెలు చుట్టేది, ఆసు పోసేది, పొద్దుమూకినంక మగ్గం ఎక్కేది అమ్మ. 2019-20 చేనేత గణనల దేశంల పనిచేసేటోళ్లు 35 లక్షల పైచిలుకు, అందుల 72 శాతం ఆడవాళ్లే. కార్డు మీద పేరు లేకుంటే భత్తా రాదు. ఈ పని సర్కారు చేసేది కాదు, మన ఇంట్ల మనమే చేసుకోవాలె.

కార్పొరేషన్‌ను మేము అడగదలచింది ఇది. బిల్డర్‌కు మాఫీ ఇస్తే, ఇన్ని కొలువులు ఇస్తనన్న మాట రాతల ఉండాలె. ఇయ్యకుంటే మాఫీ చేసిన పన్ను తిరిగి వసూలు చేయాలె. మగ్గం ఉన్న గదికి దుకాణం రేటు పన్ను వేయొద్దు. నేతకారులకు ఇండ్లు కడితే మగ్గానికి కింది అంతస్తుల జాగా ఉండాలె. మూడో అంతస్తు ఫ్లాట్‌ల గుంట ఎక్కడ తవ్వుతరు? అట్ల పోయినోళ్లు మగ్గం అమ్ముకొని సెక్యూరిటీ కొలువుకు పోతున్నరు. తప్పు వాళ్లది కాదు.

అర్జీ రాసి పెట్టినం. పొడుగు భాష రాదు గనుక ఒక్క పేజీల రాసినం. ఉత్తగ సంతకం చేసి పోవద్దు. ఇంట్ల ఎన్ని మగ్గాలున్నయి, ఎందరు నేస్తున్నరు, ఆడవాళ్ల పేర్లతో సహా పక్కన రాయండి. బయట బల్ల మీద కాగితాలున్నయి, పెన్నులు కూడా పెట్టినం.