డబ్బా మోగితే దోమ పారిపోతుందా?



పొద్దువాలితే చాలు, మన చెన్నైలో తెలుగువారి ఇంట్లోనైనా తమిళుల ఇంట్లోనైనా వినిపించే మాట ఒకటే: తలుపులు వెయ్యండి, దోమలొస్తున్నాయి! కూవం నది పక్కన, బకింగ్‌హామ్ కాలువ పక్కన ఉండేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ బాధ పడలేక మనం కొనుక్కొచ్చే వస్తువుల్లో చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటుంది. ప్లగ్గులో పెడితే చాలట. పొగ లేదు, వాసన లేదు. మన చెవికి వినపడని శబ్దంతో దోమల్నీ, ఎలుకల్నీ, బొద్దింకల్నీ తరిమేస్తుందట. అది నిజంగా పనిచేస్తుందా అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

కొన్నేళ్ళ క్రితం మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వరుసగా రెండు వారాలు రాలేదు. చూసి వద్దామని పాత వాషర్‌మన్‌పేటలోని వాళ్ళింటికి వెళ్ళాను. మలేరియా. మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. గోడకి ఆ డబ్బా, దాని మీద ఎర్ర దీపం. వాళ్ళ నాయనమ్మకి ఉబ్బసం. మందు పొగ పడదని రిచీ స్ట్రీట్‌లో అది కొన్నారు. "ఇది ఉందిగా అని దోమతెర మడిచి అటక మీద పెట్టేశాం టీచర్‌గారూ" అంది ఆ తల్లి. ఏ దోమ ఎక్కడ కుట్టిందో ఎవరూ చెప్పలేరు. కానీ తెర అటకెక్కిన మాట మాత్రం నిజం. నన్ను ఆలోచింపజేసింది ఆ మాటే.

ముందు శబ్దం సంగతి చూద్దాం. మన చెవి సుమారుగా సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. అంతకు మించినది అతిధ్వని. గబ్బిలాలు అలాంటి కూత వేస్తాయి, కొన్ని రకాల రెక్కల పురుగులు అది విని తప్పుకుంటాయి. డబ్బా అమ్మేవారు చూపే ఆధారం ఇదే. అయితే దోమ వినేది తన మీసాలతో. ఆ మీసాలు బాగా పసిగట్టేది సెకనుకు కొన్ని వందల కంపనాలుండే సాటి దోమల రెక్కల రొదని. గబ్బిలం కూతకు పురుగు బెదిరితే డబ్బా కూతకు దోమ బెదరాలని ఎక్కడుంది?

ఎలుక సంగతి వేరు. దానికి అతిధ్వని వినిపిస్తుంది. కొత్తలో ఉలిక్కిపడుతుంది కూడా. కానీ తిండి దొరికే చోటయితే కొద్ది రోజుల్లోనే అలవాటు పడిపోతుంది. పైగా ఆ శబ్దం గోడ దాటదు. బియ్యం బస్తా అడ్డమున్నా, బీరువా అడ్డమున్నా అక్కడే ఆగిపోతుంది.

ఊహలు చాలు, పరీక్షల మాటేమిటంటారా? దోమల్ని తరుముతాయనే ఇలాంటి పరికరాల మీద ఆరుబయట జరిగిన 10 పరిశోధనలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ తరఫున నిపుణులు 2007లో పరిశీలించారు. పరికరం ఉన్నా లేకపోయినా మనిషి మీద వాలే దోమలు తగ్గలేదని తేల్చారు. అమెరికాలో వినియోగదారుల ప్రయోజనాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే, రుజువు లేకుండా గొప్పలు చెప్పవద్దని ఇటువంటి పరికరాల తయారీదారులనూ అమ్మకందారులనూ 60 మందికి పైగా హెచ్చరించింది.

"మా ఇంట్లో పనిచేసిందండీ" అనేవారూ ఉన్నారు. వారు అబద్ధం చెబుతున్నారని నేననను. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పండు పడిందనుకోవచ్చునా? గాలి మారినా, కిటికీలు మూసినా దోమలు తగ్గుతాయి. ఆ పేరు డబ్బాకి వస్తుంది.

మా పిల్లలచేత ఒక పరీక్ష చేయించాను. మీరూ చేయవచ్చు. డబ్బా దీపానికి నల్ల కాగితం అంటించండి. రోజూ సాయంత్రం ఒకరు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే స్విచ్చి వెయ్యాలి, బొరుసు పడితే వెయ్యకూడదు. ఆ సంగతి తెలియని మరొకరు గోడల మీది దోమల్ని లెక్కపెట్టి రాయాలి. రెండు వారాలయ్యాక రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూడండి. మా పిల్లలకు తేడా కనిపించలేదు.

ఇక్కడొక జాగ్రత్త. కరెంటుతో నడిచేవన్నీ ఒకటి కావు. బిళ్ళలూ ద్రావకం సీసాలూ పెట్టే పరికరాల్లో కరెంటు వేడి చేస్తుందంతే, పనిచేసేది మందు. దోమల బ్యాటు తగిలిన దోమని చంపుతుంది. నేను చెబుతున్నది ఒట్టి శబ్దాన్ని నమ్ముకున్న వాటి గురించే. సెల్‌ఫోనులో మోగించే దోమల శబ్దాలూ ఈ కోవలోవే.

మరి ఏం చెయ్యాలి? మలేరియాకు దోమే కారణమని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టారు. చెన్నైలో మలేరియాని మోసే దోమ మురికి కాలువలో కాదు, మన బావిలో, మేడ మీది నీళ్ళ ట్యాంకులో పుడుతుంది. డెంగీ దోమ పూలకుండీ పళ్ళెంలో, పాత టైరులో, మూతలేని డ్రమ్ములో పుడుతుంది. నీళ్ళ లారీ కోసం ఎదురుచూసే ఊరు మనది, నీళ్ళు నిలవ చేయక తప్పదు. అందుకని మూతలు బిగించండి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికొకసారి డ్రమ్ములు వంచి, లోపలి అంచులు రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు ఆ అంచులకే అంటుకుని ఉంటాయి. కిటికీలకు జాలీ కొట్టించండి. రాత్రి తెర కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారికి తెర వల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఆ డబ్బాకి పోసిన డబ్బు పోతే పోయింది. అది ఉందన్న ధైర్యంతో తెరను అటకెక్కించడమే అసలు నష్టం. మీ ఇంట్లోనూ తెర అటక మీద ఉంటే, ఈ రాత్రికే దించండి.