రహస్యం ఎవరి అమానతు?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధర్మసోదరులారా! ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో నివసించే మనలో ఏదో ఒక రహస్యానికి కాపలాదారు కానివారు అరుదు. ఒకరు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు చూస్తారు. మరొకరు నాచారం పారిశ్రామికవాడలో యజమాని నమ్మి చెప్పిన తయారీ పద్ధతిని ఎరుగుదురు. భూగర్భ పరిశోధన చేసే ఎన్.జి.ఆర్.ఐ., పటాల తయారీ నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ మన ఉప్పల్‌లోనే ఉన్నాయి. కనుక రహస్యపత్రాలు బయటికి పొక్కడం గురించిన చర్చ మనకు దూరపు సంగతి కాదు.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ సూరా నిసా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. ధనం మాత్రమే అమానతు కాదు, మాట కూడా అమానతే. బాలుడైన హజ్రత్ అనస్ (ర)ను దైవప్రవక్త (స) ఒక పనిమీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరిన కుమారుణ్ణి తల్లి కారణమడిగింది. అది రహస్యమని ఆయన చెప్పగా, ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తల్లే హితవు పలికింది. కన్నతల్లి సైతం తరచి అడగని ఇల్లు అది.

మన రాష్ట్రంలో ఈ అమానతుకు జరిగిన ద్రోహాన్ని కళ్ళారా చూశాం. 503 ఉద్యోగాల కోసం 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. రెండున్నర లక్షల మందికి పైగా రాశారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో పనిచేసేవారే ప్రశ్నపత్రాలు కాజేసి అమ్ముకున్నారని పోలీసులు అభియోగం మోపారు. 2023 మార్చి 17న ఆ పరీక్ష రద్దయింది. ఆ ప్రశ్నపత్రం అధికారి సొత్తు కాదు. అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి చదివిన పేదబిడ్డల సొత్తు. దాని రహస్యమే వారికి రక్షణ. దాన్ని అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ ఆ బిడ్డల శ్రమను దొంగిలించినవారే.

ఆ రోజుల్లో ఒక యువకుడు మమ్మల్ని ప్రశ్నించాడు: “హజ్రత్, ప్రశ్నపత్రం అమ్మినవాడు పాపాత్ముడే. అక్రమాన్ని చూపించే ప్రభుత్వ కాగితాన్ని బయటపెట్టినవాడూ పాపాత్ముడేనా?”

మంచి ప్రశ్న. సమావేశాల్లోని మాటలు అమానతులని, అయితే ప్రాణహత్య, వ్యభిచారం, పరుల సొమ్ము అన్యాయంగా కాజేయడం గురించిన మాటలకు ఆ రక్షణ లేదని సునన్ అబూ దావూద్‌లో ఒక హదీసు ఉంది. దాని ఆధారపరంపరపై హదీసువేత్తలు చర్చించారు. భావం మాత్రం ధర్మసమ్మతమే. సూరా నిసా 135వ ఆయతు మనకూ, మన తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే సత్యానికే సాక్ష్యం పలకమంటున్నది.

దేశచట్టమూ ఈ విచక్షణను గుర్తించింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నప్పటికీ, ప్రజాప్రయోజనం హానికంటే అధికమైతే సమాచారం ఇవ్వవచ్చునని 2005 నాటి సమాచార హక్కు చట్టం 8(2) సెక్షన్ చెబుతున్నది. 2019లో రఫేల్ విమానాల కొనుగోలు పత్రాలను ది హిందూ పత్రిక ప్రచురించింది. అవి అపహరించిన పత్రాలు గనుక పరిశీలించరాదని కేంద్రం వాదించగా, ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. అదే ఏడాది నవంబరు 14న పునఃసమీక్ష పిటిషన్లను సైతం కొట్టివేసింది. పత్రాన్ని పరిశీలించడం వేరు, నేరం రుజువు కావడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు ఇరుపక్షాల్లోనూ ఉన్నారు.

సోదరులారా! రహస్యం వెల్లడించినవాణ్ణి ఎలా విచారించాలో హజ్రత్ హాతిబ్ (ర) వృత్తాంతం నేర్పుతున్నది. మక్కాపై దండయాత్రకు సన్నాహాలు జరుగుతుండగా ఆయన ఖురైషులకు రహస్యంగా లేఖ పంపారు. హజ్రత్ అలీ (ర) తదితరులు దారిలో ఆ లేఖను స్వాధీనం చేసుకున్నారు. హజ్రత్ ఉమర్ (ర) శిరచ్ఛేదానికి అనుమతి కోరారు. దైవప్రవక్త (స) మాత్రం ముందుగా ఎందుకిలా చేశావని హాతిబ్‌నే అడిగారు. మక్కాలో దిక్కులేని తన కుటుంబానికి రక్షణ కోసమని ఆయన విన్నవించుకున్నారు. ఆయన నిజమే చెప్పారని ప్రవక్త (స) ధ్రువీకరించి, బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవాడని గుర్తుచేసి విడిచిపెట్టారు. కాని ఆ పనిని మెచ్చుకోలేదు. సూరా ముమ్తహిన దానిని తప్పుగానే ఎంచింది. వేలాది ప్రాణాలకు ముప్పు తెచ్చే రహస్యాన్ని కుటుంబంపై మమకారంతోనైనా వెల్లడించరాదు. అయినా మనిషిని అడగకుండా ద్రోహి అని ముద్రవేయరాదు.

కనుక మీ చేతికి ఒక కాగితం వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది దాగి ఉండటం వల్ల ఎవరికి రక్షణ: బలహీనుడికా, అక్రమార్కుడికా? బయటపెడితే నాకు ముట్టేదేమిటి? నిరపరాధి ప్రాణానికీ, మానానికీ హాని ఉందా? అక్రమం కంటపడితే వాట్సాప్‌లో చల్లకండి. పై అధికారికి రాయండి. ఆయనే భాగస్వామి అయితే అవినీతి నిరోధక శాఖను, న్యాయస్థానాన్ని ఆశ్రయించండి. న్యాయం కోసం నోరు విప్పి ఉద్యోగం పోగొట్టుకున్న సోదరుడు ఎవరైనా ఉంటే, అతని ఇంటి పొయ్యి ఆరకుండా చూడటం మన జమాతు బాధ్యత.

యా అల్లాహ్! మాకు అప్పగించిన అమానతులను కాపాడే శక్తినీ, సత్యానికి సాక్ష్యం పలికే ధైర్యాన్నీ, ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకునే వివేకాన్నీ ప్రసాదించు. శ్రమించిన మా బిడ్డల కష్టాన్ని వృథా కానీయకు. ఆమీన్.