తండ్రి నోటి మాట



ఈ ఉదయం ఒక అమెరికా టెలివిజన్ సీరియల్‌ సంగతి చెప్పనివ్వండి. పేరు ‘మెన్ ఆఫ్ ఎ సర్టెన్ ఏజ్’. నడివయసు మగవాళ్ళ కథ. 2009 డిసెంబరులో మొదలై, 22 భాగాలతో 2011లో ఆగిపోయింది. పీబాడీ పురస్కారం వచ్చింది గాని చూసేవాళ్ళు చాలలేదు. పిల్లలతో కూర్చుని చూడదగినది కాదని ముందే చెబుతున్నాను.

లాస్ ఏంజిల్స్‌లో ముగ్గురు స్నేహితులు, యాభైకి దగ్గరపడినవారు. జో పుట్టినరోజు వేడుకల సామాన్ల కొట్టు నడుపుతాడు. ఊరందరి సంబరాలకు సరుకిచ్చేవాడి ఇల్లు పందేల వ్యసనంతో చెదిరిపోయింది. టెర్రీ నటుడు, వేషాలు రావు. మూడవవాడు ఓవెన్. నా మనసులో నిలిచిపోయినవాడు ఇతడే.

ఓవెన్ సొంత తండ్రి కార్ల షోరూములోనే సేల్స్‌మన్. తండ్రి ఒకప్పటి పేరుమోసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. కొడుక్కి భారీకాయం, షుగరు జబ్బు, ఎడతెగని అలసట. భార్యాపిల్లలున్నా నాన్న ముందు మాత్రం పదేళ్ళ పిల్లవాడే. నాన్న నోట ఒక మెచ్చుకోలు మాట కోసం కాచుకుని ఉంటాడు. ఆ పాత్ర వేసిన ఆండ్రే బ్రౌవర్ 2023లో కన్నుమూశాడు. మాటలకంటే ముఖంతోనే ఎక్కువ చెప్పిన నటుడు.

మన ఇళ్ళలో లేదా ఇది? డెబ్బై ఏళ్ళ తండ్రి మొలలో గల్లాపెట్టె తాళాలు. పక్కనే బిల్లులు రాసే నలభై అయిదేళ్ళ కొడుకు. “వీడివల్ల ఏమవుతుందండీ” అని బేరానికొచ్చినవాళ్ళ ముందే అంటాడు!

లూకా సువార్త 3వ అధ్యాయము చూడండి. యేసుకు దాదాపు ముప్పది యేండ్లు. అప్పటికి ఏ రోగిని స్వస్థపరచలేదు, ఏ శిష్యుని పిలువలేదు. అయినను ఆయన బాప్తిస్మము పొందినప్పుడు పరలోకము తెరువబడి, తండ్రి ఆయనను ప్రియకుమారుడని పిలిచి, ఆయనయందు తనకు కలిగిన ఆనందమును తెలియజేసెను. పని చూసి ఇచ్చిన జీతం కాదది, పనికి ముందే పలికిన మాట. మనమేమో ముందు ర్యాంకు తెమ్మంటాం, మెచ్చుకోవడం తరువాత.

ఆ మాట వినకుండానే తండ్రిని సమాధి చేసినవారు ఈ కార్యక్రమం వింటూ ఉండవచ్చు. అయ్యా, అమ్మా, ఎఫెసీ పత్రిక 1వ అధ్యాయము చదవండి. ఆ ప్రియునియందే దేవుడు మనలను కుమారులుగా స్వీకరించాడు. యొర్దానులో వినబడిన ఆ మాటలో మీకూ పాలున్నది.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, కొడుకుతో మాట్లాడి ఏళ్ళు గడిచిన తండ్రి నోరు తెరువుము. తండ్రి మాట కోసం ఎదురుచూచి అలసిన కుమారునికి నీ స్వరము వినిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.