ఎముక మీద జోస్యం, అంచున పెన్సిలు రాత

ఉగాది నాడు ఇదే ఆకాశవాణిలో పంచాంగ శ్రవణం విన్నారు కదా. ఆ వేడి చల్లారకముందే చైనావాళ్ళ జోస్య గ్రంథాల గురించి నాలుగు మాటలు చెప్పమని కేంద్రంవారు అడిగారు. నాకున్న పాత పిచ్చే ఇది. ఒప్పేసుకున్నాను.

ప్రభవ, విభవ అంటూ మనకి అరవై ఏళ్ళకి పేర్లున్నాయి. మూడు వేల ఏళ్ళ కిందటి చైనాలో షాంగ్ రాజులకి అరవై రోజులకి పేర్లుండేవి. వాళ్ళకి వారమంటే పది రోజులు. వచ్చే పది రోజులూ కీడేమీ లేదు కదా అని వారం వారం అడిగేవారు. అడగడానికి ఎద్దు జబ్బ ఎముకో తాబేటి పొట్టచిప్పో కావాలి. వెనకవైపు చిన్న గుంటలు తొలిచి నిప్పు సెగ తగిలిస్తే ముందువైపు టప్పున పగులు విచ్చుతుంది. ఆ పగులే జవాబు. ప్రశ్నని కూడా ఆ ఎముక మీదే చెక్కేవారు.

నన్ను కట్టిపడేసింది ఈ చెక్కడమే. వూడింగ్ అనే రాజు భార్య ఫూహావ్ నిండు చూలాలు. కాన్పు సుఖంగా అవుతుందా అని అడిగారు. ఫలానా రోజున అయితే మంచిది, ఫలానా రోజున అయితే మహా మంచిది అని రాజే పగులు చూసి చెప్పాడు. ముప్పై ఒక్క రోజుల తరవాత, ఆ రెండూ కాని రోజున కాన్పయింది. మంచి జరగలేదు, ఆడపిల్ల అని దాని కిందే చెక్కారు. సైన్యాలు నడిపిన ఆడమనిషి కడుపున ఆడపిల్ల పుడితే మంచి కాదట! అది అలా ఉంచండి. రాజుగారు ఆశించిన మంచి జరగలేదని రాజుగారి కొలువులోనే రాసిపెట్టారు, చూశారా? తరవాత ఏం జరిగిందన్నది అన్ని ఎముకల మీదా లేదు, కొన్నిటి మీద ఉంది. ఆ కొన్నీ చాలు నాకు.

ఇలాంటి ఎముకల్ని డ్రాగన్ ఎముకలని మందుల కొట్లకి అమ్మేవారు, నూరి మింగేవారు. 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు వాటి మీది రాతని గుర్తుపట్టాడు. 1936లో ఆన్యాంగ్ దగ్గర ఒక్క గోతిలోనే 17,000 పైచిలుకు ముక్కలు దొరికాయి.

మరి మనమో? ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని అంకెలు వింటాం. ఏడాది చివర సరిచూసేదెవరు? మా తాతగారు చూసేవారు. భీమిలి దగ్గర మాకు కాస్త మెట్ట ఉండేది. వాన పడుతుందన్న కార్తె పక్కన, పంచాంగం అంచున, పెన్సిలుతో "పడింది", "పడలేదు", "దుక్కి తడవలేదు" అని రాసేవారు. ఆవు ఈనిన రోజు, అప్పు తీర్చిన తిథి కూడా అక్కడే. ఓసారి పంతులుగారు వస్తే ఆ పుస్తకం ముందు పెట్టారు. ఆయన నొచ్చుకుంటారనుకున్నాం. కళ్ళజోడు సర్దుకుని, "మా ఊళ్ళోనూ పడలేదండీ, రాసుకోండి" అన్నారు.

ఇప్పుడు పంచాంగం ఫోన్లోకి వచ్చింది. దానికి అంచు లేదు. ఉన్న పాత పంచాంగాల్ని తూకానికి వేస్తున్నాం. ఎముకలు మింగినవాళ్ళే నయం, రోగం తగ్గుతుందన్న ఆశతోనైనా మింగారు.

అన్నట్టు, నన్ను ముఖ్యంగా చెప్పమన్నది యీజింగ్ అనే జోస్య గ్రంథం గురించి. ఆరేసి గీతల బొమ్మలు 64. గీత నిండుగానైనా ఉంటుంది, మధ్యలో తెగైనా ఉంటుంది. పుల్లలు లెక్కపెట్టో మూడు నాణేలు ఎగరేసో బొమ్మ తేల్చుకుంటారు. మన పాచికల జోస్యం పాశకకేవలిలోనూ ఫలితాలు 64: నాలుగు ముఖాల పాచిక మూడుసార్లు వేస్తే అంతే వస్తుంది. ఈ పాచికల శాస్త్రం ఉన్న సంస్కృత ప్రతి ఒకటి 1890లో పడమటి చైనాలో, కూచా దగ్గర దొరికింది. బోవర్ రాతప్రతి అంటారు. లెక్క కుదిరింది కదా అని చుట్టరికం కలిపేయకండి. యీజింగ్‌లో అడిగినవాడి పేరు లేదు, తరవాత ఏం జరిగిందో లేదు. కనకనే ఎవరు తెరిచినా తమ గురించే రాసినట్టుంటుంది, ఇన్నేళ్ళుగా చదువుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ ఆడపిల్ల పుట్టిన ఎముకే ఇష్టం.

ఫెంగ్‌షుయ్ సంగతీ చెప్పమన్నారు గానీ టైమ్ అయిపోయింది. మా ద్వారకానగర్ కొట్లలో నవ్వే బుద్ధుణ్ణి అమ్మేవాళ్ళని అడగండి, నాకంటే బాగా చెబుతారు. సెలవు.