ఎంసీబీ ఉంది కదా, ఎందుకు పడలేదు?

ఈ రోజు యాప్ లేదు, గాడ్జెట్ లేదు. ఒక ప్లాస్టిక్ పెట్టె గురించి మాట్లాడుకుందాం. హనుమకొండ దగ్గర మా ఇల్లు కడుతున్నప్పుడు నేను రెండుసార్లు చేయించిన పెట్టె. మొదటిసారి తప్పు చేశా, అది కూడా చెప్తా.

ముందు మా సైట్‌లో కరెంటు ఎలా ఉండేదో చూడండి. మీటరు నుంచి ఒక వైరు, దాని చివర చెక్క బోర్డు, దాని మీద రెండు సాకెట్లు. ప్లగ్ ఉన్న మెషీన్ ఒక్కటీ లేదు. వైరు చివర్లు ఒలిచి సాకెట్ బొక్కల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కేవాళ్లు. డౌట్ ఉంటే మీ వీధిలో కడుతున్న ఇల్లు ఏదైనా చూడండి. దూరం నుంచే చూడండి.

ఒకరోజు గోడలకు నీళ్లు కొడుతున్న కుర్రాడు మోటారు మీద చెయ్యి వేశాడు. చెయ్యి అతుక్కుపోయింది. మేస్త్రి ఎండు కర్రతో వైరు మీద కొట్టి సాకెట్ నుంచి ఊడగొట్టాడు. కుర్రాడు బతికాడు కానీ సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకేమో ఒకటే ప్రశ్న: మీటరు దగ్గర ఎంసీబీ ఉంది కదా, ఎందుకు పడలేదు?

లెక్క చేస్తే సిగ్గేసింది. 230 వోల్టులు. తడి ఒంటి రెసిస్టెన్స్ సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. అంటే ఒంట్లోంచి పోయేది 0.23 ఆంప్స్. మా ఎంసీబీ 16 ఆంప్స్‌ది. దాని దృష్టిలో అక్కడ ఏమీ జరగలేదు! ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనిషికి 10 మిల్లీ ఆంప్స్ దాటితేనే పిడికిలి విప్పడం కష్టం.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కి చేరితే కట్. ఆ లోపలే పడొచ్చు కూడా.

సరే, ఒక పెట్టె, లోపల ఒకే ఆర్‌సీసీబీ, నాలుగు సాకెట్లు. హీరోలా ఫీలయ్యా. వారం తిరక్కుండా మేస్త్రి అన్నాడు, "తమ్మీ, గది ఊకె పడుతాంది. పని ఆగుతాంది. తీసేసి డైరెక్ట్ ఇచ్చిన." కోపం వచ్చింది. కానీ ఆయన వైపు నుంచి చూడండి: టైల్స్ కటింగ్ మెషీన్‌లో లీకేజీ ఉంటే లైట్లు, మోటారు, వైబ్రేటర్ అన్నీ ఆగిపోతున్నాయి. కూలీలు ఖాళీగా కూర్చుంటే ఎవరి డబ్బు? వెతికితే ఆ మెషీన్ వైరు జాయింట్ టేపు చుట్టి నీళ్లలో పడి ఉంది. పెట్టె నిజమే చెప్పింది, మేము దాని నోరు మూశాం. ఎర్రర్ వస్తోందని అలర్ట్ ఆఫ్ చేసేవాళ్లని ఆఫీసులో కూడా చూశాను లెండి.

రెండో పెట్టెలో ఒక్కో సాకెట్‌కి ఒక్కో ఆర్‌సీబీఓ పెట్టించా. ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ కలిసిన ముక్క అది, 16 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్. ఇప్పుడు ఏ మెషీన్ చెడితే అదొక్కటే ఆగుతుంది. ఐపీ 65 పెట్టె, వైర్లు కింద నుంచి గ్లాండ్‌లోంచి లోపలికి, మూత ఉన్న నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు. వాటిలో అగ్గిపుల్లల కథ నడవదు. అందుకే మెషీన్లన్నిటికీ ప్లగ్గులు నేనే కొని బిగించి ఇచ్చా. వైరింగ్ మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే. నాది సీఎస్‌ఈ, మీరూ ప్రయోగాలు చేయకండి.

ఆయన కూడా మొదట సాకెట్ల న్యూట్రల్స్ అన్నీ ఒకే బార్‌కి కలిపేశాడు. మెషీన్ ఆన్ చేయగానే పడిపోయింది. ఏ సాకెట్ న్యూట్రల్ ఆ ఆర్‌సీబీఓలోంచే వెనక్కి రావాలి, లేకపోతే దాని లెక్క తప్పుతుంది.

ఇంకోటి. ఎర్త్ లేకున్నా ఆర్‌సీబీఓ పడుతుంది, కానీ కరెంటు మీ ఒంట్లోంచి పోయాకే. అంటే షాక్ కొడుతుంది, ఆ తర్వాత కట్ అవుతుంది. మంచి ఎర్త్ ఉంటే, వైరు మెషీన్ బాడీకి తగిలిన క్షణమే పడుతుంది, ఎవరూ ముట్టుకోకముందే. పెట్టె మీద టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీబీఓ బాగుందని తెలుస్తుంది, అంతే. ఎర్త్ ఉందో లేదో అది చెప్పదు. ఎర్త్ రాడ్ కొట్టించి, మీటరుతో విడిగా చెక్ చేయించండి.

మా పని అయిపోయాక ఒకరోజు మేస్త్రి ఫోన్. "తమ్మీ, కొత్త సైట్ పట్టిన. ఆ పెట్టె ఇస్తవా?" రోజూ పొద్దున టెస్ట్ బటన్ నొక్కితేనే ఇస్తా అన్నాను. "నొక్కుత తియ్" అన్నాడు. పెట్టె ఇంకా ఆయన దగ్గరే ఉంది.