కరెంటు లెక్కలో పల్లె మాట

(స్మారకోపన్యాసం)



మాస్టారి పేరున జరిగే ఈ సభలో స్వచ్ఛ ఇంధనం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆయన సోలార్ ప్యానెళ్ళు బిగించిన మనిషి కాదు. లెక్కల పంతులుగా పనిచేసి రిటైరయ్యాక, చేతిసంచీలో కాగితాలు పెట్టుకుని విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) విచారణలకు బస్సెక్కి వెళ్ళిన మనిషి. స్వచ్ఛ ఇంధనం కోసం ఊళ్ళలో పనిచేసేవాళ్ళు అనగానే చీకటి గూడెంలో సోలార్ దీపం వెలిగించినవాళ్ళు మనకు గుర్తొస్తారు. వాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఇవాళ మాట్లాడదలచుకున్నది మాత్రం మాస్టారిలాంటివాళ్ళ గురించి. వాళ్ళు కాగితం అడిగి తెచ్చుకుంటారు, చదువుతారు, పదిమందికీ తెలుగులో విడమర్చి చెబుతారు, అధికారుల ముందు లేచి నిలబడి అడుగుతారు. అలాంటివాళ్ళు లేని చోట సూర్యుడి నుంచి వచ్చే కరెంటు కూడా పేదవాణ్ణి అడగకుండానే అతని పొలంలోకి వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

ఆంధ్రప్రదేశ్‌లో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. అదే ఏడాది ఈఆర్‌సీ పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చార్జీలు పెరిగాయి. ఊరూరా ఆందోళన సాగింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు మనందరికీ గుర్తుంది, గుర్తుండాలి కూడా. కానీ ఆ రోజుల్లోనే మొదలైన మరో పని అంతగా గుర్తులేదు. చార్జీల ప్రతిపాదన మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, విచారణకు వచ్చి మాట్లాడవచ్చు. అప్పటిదాకా బోర్డు గదుల్లో తేలిపోయిన లెక్క మొదటిసారి జనం ముందుకొచ్చింది. తరువాత 2003 కేంద్ర విద్యుత్ చట్టం 64వ సెక్షన్‌లో ఇది దేశమంతటికీ హక్కయింది. ప్రతిపాదనను ప్రచురించాలి, ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించాలి, ఆ తరువాతే ధర నిర్ణయించాలి.

హక్కు ఉండటం వేరు, వాడుకోవటం వేరు. వందల పేజీల ప్రతిపాదనలు ఇంగ్లిషులో ఉంటాయి. వాటిలో ఆదాయ అవసరం, కొనుగోలు ఖర్చు, సరఫరా నష్టం, క్రాస్ సబ్సిడీ అంటూ పట్టికలు. వ్యవసాయ పంపుసెట్లలో చాలావాటికి మీటర్లు లేవు కాబట్టి రైతు ఎంత వాడాడన్నది అంచనా మాత్రమే. ఆ అంచనా ఎంత పెంచితే, తీగల్లో పోయిందీ దొంగతనంలో పోయిందీ అంత సులువుగా రైతు ఖాతాలో కలిసిపోతుంది. సంస్కరణల తరువాత లెక్కలు బయట పెట్టాల్సి వచ్చేసరికి చాలా రాష్ట్రాల్లో ‘వ్యవసాయ వినియోగం’ తగ్గి, ‘నష్టాలు’ ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించాయి. కరెంటు అంతా రైతే తాగేస్తున్నాడన్న నింద ఎంత పట్టికల వల్ల పుట్టిందో విచారణల్లో అడిగినవాళ్ళ వల్లే తెలిసింది. దీనికీ స్వచ్ఛ ఇంధనానికీ సంబంధం ఉంది. తీగలో వృథాగా పోయే ప్రతి యూనిట్ కోసం కూడా ఎక్కడో బొగ్గు కాలుతోంది. ఆ నష్టం ఎక్కడుందో తేలకపోతే దాన్ని ఆపేదెలా?

ఈ విద్యలో మనకంటే ముందు నడిచినవాళ్ళు పుణెలో ఉన్నారు. 1994లో మొదలైన ప్రయాస్ సంస్థ ఎన్రాన్ కంపెనీ దభోల్ విద్యుత్ ప్లాంటు ఒప్పందాన్ని లెక్కగట్టి, అది మహారాష్ట్ర విద్యుత్ బోర్డు మీద ఎంత భారం మోపుతుందో ముందే చెప్పింది. 2001లో ఆ ప్లాంటు ఆగిపోయింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన గిరీష్ సంత్ 2012లో చిన్న వయసులోనే కన్నుమూశారు. లెక్క తెలిసినవాడు జనం పక్షాన నిలబడితే ఏం చేయగలడో ఆయన చూపించారు.

ఇప్పుడు మోటార్ల దగ్గరికి వద్దాం. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక ప్రభుత్వం రైతులకు నాలుగు షరతులు పెట్టింది. మోటారుకు కెపాసిటర్, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, జీఐ పైపు బదులు ప్లాస్టిక్ పైపు, ఐఎస్ఐ మార్కు పంపు. ఈ నాలుగూ ఉంటే అదే నీరు తక్కువ కరెంటుతో పైకి వస్తుంది. నా దృష్టిలో ఈ రాష్ట్రంలో పుట్టిన గొప్ప స్వచ్ఛ ఇంధన ఆలోచనల్లో ఇదొకటి. మరి ఎందుకు అంతంత మాత్రంగానే సాగింది? ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక్క రైతు కెపాసిటర్ పెడితే ఓల్టేజీ చెప్పుకోదగినంత మెరుగుపడదు, అందరూ పెడితేనే మెరుగుపడుతుంది. డబ్బు పెట్టేది ఒకడు, లాభం పంచుకునేది అందరూ. అందుకే ఒక్కొక్క రైతుకు నోటీసిస్తే సరిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే చందాలు వేసుకుని ట్రాక్టరులో రిపేరుకు పట్టుకెళ్ళే రైతులకు కలిసి పనిచేయటం ఎవరూ నేర్పనక్కరలేదు. వాళ్ళతో ముందుగా మాట్లాడినవాళ్ళే తక్కువ.

సోంపేట గురించి చెప్పకుండా ఈ ఉపన్యాసం పూర్తి కాదు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున బీల అనే చిత్తడి నేల ఉంది. అక్కడి రైతులకు అది సాగునీరు, జాలర్లకు చేపలు, పశువులకు మేత. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామన్నారు. ఆ నేల మీద ఆధారపడి ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో ఊళ్ళవాళ్ళకు తెలుసు, ప్రాజెక్టు కాగితాలకు తెలియదు. పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి వాళ్ళు నిరాహార దీక్షలు చేశారు, కేసులు వేశారు. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఈఏఎస్ శర్మ గారు వాళ్ళ పక్కన నిలబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే వారంలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్ళీ కాల్పులు జరిగాయి. బీల నేడు బీలగా మిగిలిందంటే అది ఆ ఊళ్ళు కట్టిన మూల్యం. మన దేశంలో స్వచ్ఛ ఇంధన ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు సోంపేట జాలరి స్త్రీలతో మొదలుపెట్టాలి.

సోంపేట వాళ్ళకు చట్టంలో ఒక పట్టు ఉండేది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద థర్మల్ కేంద్రానికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. అది ఎంత తూతూమంత్రంగా జరిగినా, ఊరివాడు మైకు ముందుకెళ్ళి ‘మాకొద్దు’ అంటే అది రికార్డవుతుంది, కోర్టుకు పనికొస్తుంది. సోలార్ పార్కుకూ గాలిమరల కేంద్రానికీ ఆ నోటిఫికేషన్ వర్తించదు. పొగ రాదు కాబట్టి అనుమతి అక్కరలేదు, అనుమతి లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణా లేదు. పొగ రాని మాట నిజమే. కానీ వేల ఎకరాల భూమి పోతుంది కదా! ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. సోలార్ పార్కులు వచ్చిన చోటల్లా వినిపించే ఫిర్యాదు ఒకటే. పట్టా భూమికి ఒక ధర, అసైన్డ్ భూమికి ఇంకో ధర, ఏ కాగితమూ లేకుండా తాతల కాలం నుంచి దున్నుకుంటున్నవాడికి ఏమీ లేదు.

అనంతపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే పావగడ వస్తుంది. తెలుగు బాగా వినబడే తాలూకా అది. ఏటా కరువు, వేరుశనగ ఎండిపోవటం, బెంగుళూరుకు వలస. అక్కడ 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కోసం సుమారు 13 వేల ఎకరాలను ప్రభుత్వం కొనలేదు, కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరు మీదే ఉంది. వాన రాకపోయినా కౌలు వస్తుంది. భూమి లాక్కోకుండానే ఇంత పెద్ద పార్కు కట్టవచ్చని పావగడ రుజువు చేసింది. ఆ పద్ధతిని నేను మెచ్చుకుంటాను. అయినా అక్కడి లెక్కలోనూ ఒక వరుస ఖాళీగానే ఉంది. సెంటు భూమి లేని కూలీకి కౌలు లేదు, పొలం పని పోయింది. గొర్రెలు మేపుకునేవాళ్ళకు బీడు పోయి కంచె వచ్చింది. ఒప్పందం రాసేటప్పుడు భూమి ఉన్నవాణ్ణి పిలిచారు, లేనివాణ్ణి ఎవరూ పిలవలేదు. గ్రామసభ కూర్చుని ఉంటే మొదటి ప్రశ్న ఆ కూలీ తల్లే అడిగేది.

ఇళ్ళ పైకప్పుల మీది సోలార్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది. మంచిదే. సొంత డాబా ఉన్నవాడికి అది అందుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాడికీ రేకుల షెడ్డువాడికీ ఏ దారి ఉందో మనం అడగాలి.

కాబట్టి మిత్రులారా, కొన్ని పనులు మన ముందున్నాయి. నూరు ఎకరాలు దాటిన ఏ సోలార్, గాలిమరల ప్రాజెక్టుకైనా గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయమని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గట్టిగా అడగాలి. కౌలు పత్రం తెలుగులో ఉండాలి, సంతకానికి నెల ముందు ఊరి చావడిలో చదివి వినిపించాలి. ఆదాయంలో ఒక భాగం భూమి లేని కుటుంబాలకు పంచాయతీ ద్వారా చేరాలి. డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, కొనే కరెంటులో పునరుత్పాదక విద్యుత్తు ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం విద్యుత్ చట్టం 86వ సెక్షన్ కింద ఈఆర్‌సీకి ఉంది. సూర్యుడి కరెంటు ఎంత కావాలి, ఎవరి నుంచి, ఏ ధరకు అన్నవి కూడా ఆ విచారణ గదిలోనే అడగాల్సిన ప్రశ్నలు.

డిస్కంల వార్షిక ప్రతిపాదనలు సాధారణంగా నవంబరు ఆఖరుకు దాఖలవుతాయి. అభ్యంతరాలకు కొన్ని వారాలు గడువిస్తారు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో విచారణలుంటాయి. డిగ్రీ చదువుతున్న పిల్లలు నలుగురైదుగురు ముందుకొస్తే ఆ కాగితం ఎలా చదవాలో నేను కూర్చుని చెబుతాను. మాస్టారి పాత అభ్యంతర పత్రాలు ఆయన కుటుంబం జాగ్రత్త చేసింది, వాటితోనే మొదలుపెడదాం. డిసెంబరు మొదటి ఆదివారం పంచాయతీ ఆఫీసులో కలుద్దాం. పంపుసెట్లున్న రైతులు తమ సర్వీసు నంబర్లూ, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు కాలిందో ఆ వివరాలూ రాసి తీసుకురండి.