టిక్కెట్టు అడగని సముద్రం

నేను పుట్టింది విశాఖపట్నం, మెట్టిందీ విశాఖపట్నమే. అరవై రెండేళ్ళు సముద్రం పక్కనే గడిపినదాన్ని, ఏనాడూ మోకాలు దాటి నీళ్ళలోకి దిగలేదంటే మీరు నమ్ముతారా? మాఘపౌర్ణమికి ఒడ్డునే కూర్చుని నాలుగు చెంబులు పోసుకోవడం, లేచి వచ్చేయడం. అంతే. మా సముద్రం అలాంటిది మరి. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. ఏటా ఎవరో ఒకరింట ఏడుపు వినబడుతూనే ఉంటుంది.

కిందటి సెప్టెంబరులో మా అమ్మాయి దగ్గరికి ఫ్రాన్సు వెళ్ళాను. మధ్యధరా సముద్రం ఒడ్డున నైస్ అనే పట్టణం. తీరం పొడుగునా ఏడు కిలోమీటర్ల విహారమార్గం ఉంది. 1820 ప్రాంతాల్లో చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు డబ్బు పోగుచేసి మొదలుపెట్టించారట. ఇప్పటికీ దాని పేరులో వాళ్ళే ఉన్నారు.

మొదటిరోజు ఒక్కదాన్నే వెళ్ళి కిందికి చూద్దును కదా, వరసగా గొడుగులు, పరుపులు వేసిన పడక కుర్చీలు, పక్కనే ధరల బోర్డు! మన రూపాయల్లో లెక్క కట్టుకుని, గుండె గుభేలుమని, తిరిగి వచ్చేశాను.

"ఏమే, మీ ఊళ్ళో సముద్రానికి కూడా అద్దె పుచ్చుకుంటారా?" అన్నాను.

అమ్మాయి పకపకా నవ్వింది. "అద్దె కుర్చీకమ్మా, సముద్రానికి కాదు. ఇంకాస్త ముందుకు నడిచి ఉంటే ఉచిత తీరం వచ్చేదిగా!"

తీరం అందరిదీ అన్న మాట అక్కడ పాతదే. పద్నాలుగో లూయీ రాజు కాలంలో, 1681లోనే, సముద్రపు ఒడ్డు ఎంతవరకో శాసనంలో రాశారు. తీరంలో జనం స్వేచ్ఛగా, ఉచితంగా గడపవచ్చునని 1986 నాటి చట్టం చెప్పింది. వ్యాపారులకు జాగా గుత్తకిచ్చినా, సహజమైన తీరంలో నూటికి ఎనభై వంతులు ఖాళీగా వదలాలని 2006లో నిబంధన పెట్టారు. ఇన్ని కట్టుబాట్లు దేనికంటారా? లేకపోతే మంచి జాగా అంతా కుర్చీలవాళ్ళ పాలవదూ!

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. ఇసుక లేదు, అన్నీ బూడిదరంగు గులకరాళ్ళే. చెప్పులు విడిచి రెండడుగులు వేసేసరికి ప్రాణం కడబట్టింది. మీలో ఎవరైనా వెళితే రబ్బరు జోళ్ళు మరిచిపోకండి.

రాళ్ళ బాధ కన్నా బట్టల దిగులు ఎక్కువైంది నాకు. చుట్టూ అందరూ రెండేసి పేలికల్లో ఉన్నారు. నేనేమో నిండా నూలు పంజాబీ డ్రెస్సులో. ఎవరైనా లేచి పొమ్మంటే? ఉత్త భయం కాదు సుమండీ. 2016 జూలై 14న అదే దారిలో ఒకడు జనం మీదికి లారీ తోలి 86 మందిని పొట్టన పెట్టుకున్నాడు. ఆ మరుసటి నెలలో, ముస్లిం స్త్రీలు వేసుకునే, ఒళ్ళంతా కప్పే ఈతదుస్తులను ఊరి పాలకులు తీరంలో నిషేధించారు. ఎవడో చేసినదానికి నీళ్ళలో దిగే ఆడవాళ్ళకా శిక్ష! సెప్టెంబరు 1న కోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. డబ్బు అడగకపోతే చాలదు, బట్టలూ అడగకూడదని నాకప్పుడు తోచింది.

నేనిలా తటపటాయిస్తూంటే, ఎనభై దాటిన ఒకావిడ చేతికర్ర పక్కన పెట్టి, రాళ్ళ మీద కూర్చుని, మెల్లగా జరుగుతూ నీళ్ళలోకి దిగింది. నా వంక చూసి రమ్మని చెయ్యి ఊపింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. నేనూ అలాగే కూర్చుని జరిగాను.

ఆ సముద్రానికి ఆటుపోట్లు బహు తక్కువ. సన్నని జిబ్రాల్టర్ జలసంధిలోంచే మహాసముద్రంతో దానికి సంబంధం. ఉప్పు మాత్రం ఎక్కువ, లీటరుకు దాదాపు 38 గ్రాములు. అందుకని మనిషి తేలిగ్గా తేలుతుంది. అయితే నాలుగడుగులకే లోతు వచ్చేస్తుంది, జాగ్రత్త. మా అమ్మాయి నా వీపు కింద చెయ్యి ఆనించింది. దాని చిన్నప్పుడు ఒడ్డున దాని రెక్క వదలకుండా పట్టుకున్నదాన్ని నేనే.

"చెయ్యి తీసేసి చాలాసేపయిందమ్మా" అన్న మాట నీళ్ళలోంచి ఎక్కడో దూరంగా వినిపించింది. పైన ఆకాశం. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో!

ఒడ్డున జల్లుస్నానానికీ పైసా పుచ్చుకోలేదు. వస్తూ వస్తూ నున్నటి గులకరాయి ఒకటి సంచిలో వేసుకున్నాను. అమ్మాయి చూసి, "అవి తీసుకెళ్ళకూడదమ్మా, జరిమానా వేస్తారు" అంది. వెనక్కి నడిచి, ఉన్నచోటే పెట్టి వచ్చాను. మనసొప్పక తిరిగి తిరిగి చూస్తూనే వచ్చాను లెండి.